తక్కువ బడ్జెట్‌లో నీళ్లతో కోసే కరెంటు టైల్ కట్టర్: ఏది కొనాలి, ఎలా చూసి కొనాలి

ఇల్లు కట్టుకుంటున్నవాళ్లు, కొత్తగా పనిలోకి దిగిన టైల్స్ మేస్త్రీలు నన్ను పదేపదే అడిగేది ఒకటే: "ఐదారు వేలల్లో మంచి కట్టర్ చెప్పండి." మోడల్ పేరు చెప్పి ఊరుకుంటే వాళ్లకి మేలు జరగదు. మీరు కోసేది ఏ టైల్, ఎంత సైజు, ఎన్ని ముక్కలు అన్నది తేలకుండా మిషన్ తేలదు. ఒక్క మాట మాత్రం ముందే చెప్పగలను. మిషన్ ధరలో కొంచెం తగ్గినా ఫర్వాలేదు గానీ, బ్లేడు దగ్గరా కరెంటు భద్రత దగ్గరా తగ్గకండి. టైల్ అంచు పెచ్చులు లేచిపోయిందని బాధపడేవాళ్లలో ఎక్కువమంది మిషన్‌ని తిడతారు. చూస్తే తప్పు బ్లేడుదే అయి ఉంటుంది.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- మీరు వేయబోయే టైల్ ముక్కలు రెండు మూడు. విరిగినవైనా సరే, షాపులో కోసి చూడటానికి కావాలి.
- స్టీలు టేపు, మూలమట్టం, వంకర లేని అల్యూమినియం పట్టీ.
- ఏయే గదుల్లో ఎన్ని కోతలు పడతాయో రాసుకున్న కాగితం.
- కళ్లద్దాలు, చెవులకి ప్లగ్గులు, ఎన్-95 మాస్కు, రబ్బరు బూట్లు. వీటి ఖర్చు మిషన్ బడ్జెట్‌లోనే కలపండి.
- మీరు మిషన్ పెట్టే ప్లగ్ పాయింటుకి ఎర్తింగ్ ఉందో లేదో, ఇంటి బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) ఉందో లేదో ఎలక్ట్రీషియన్ చేత చూపించుకుని తెలుసుకోండి.

1. అసలు కరెంటు మిషన్ కావాలా?

బాత్రూమ్ గోడలకి వేసే సెరామిక్ టైల్స్ (12×18 అంగుళాలవి, 1×2 అడుగులవి) మెత్తగా ఉంటాయి. అన్నీ నేరు కోతలే అయితే, గీత గీసి విరిచే చేతి కట్టర్ చాలు. కరెంటు అక్కర్లేదు, దుమ్ము రాదు, చప్పుడు ఉండదు. 2×2 అడుగుల విట్రిఫైడ్ టైల్‌ని కూడా మంచి చేతి కట్టర్ చక్కగా విరుస్తుంది. ఒక్క గది పనికే అయితే పెద్ద పవర్ టూల్స్ షాపుల్లో అద్దెకి దొరుకుతుందేమో అడగండి.

ఈ కింది పనులు ఉంటే మాత్రం నీళ్ల కట్టర్ కావాలి:

- స్కర్టింగ్ (గోడ అడుగున వేసే పట్టీ) కోసం టైల్‌ని నాలుగంగుళాల పట్టీలుగా చీల్చడం
- స్విచ్ బోర్డు, పైపు, గుమ్మం దగ్గర ఎల్ ఆకారపు కోతలు
- మూలల్లో 45 డిగ్రీల కోత
- అంగుళం కన్నా సన్నటి ముక్కలు
- తాండూరు బండ, బేతంచర్ల బండ, కడప నాపరాయి, గ్రానైట్ వంటి రాళ్లు

రాయికి చేతి కట్టర్ పనికిరాదు. గీత గీసినా రాయి తనకి నచ్చిన చోట విరుగుతుంది.

2. మూడు రకాల్లో మీది ఏదో తేల్చుకోండి

మార్బుల్ కట్టర్. మన దగ్గర మేస్త్రీలందరి చేతిలో కనిపించేది ఇదే. 110 లేదా 125 మి.మీ. బ్లేడు, సుమారు 1,200 నుంచి 1,400 వాట్ల మోటారు, నిమిషానికి 12,000కి పైగా చుట్లు. పేరులేని రకాలు రెండు వేల చిల్లరకి వస్తాయి. సర్వీసు సెంటర్లున్న బాష్, మకీటా, డీవాల్ట్, స్టాన్లీ లాంటివి ఇంచుమించు నాలుగైదు వేల దగ్గర ఉంటాయి. టైల్ ఎంత పెద్దదైనా మిషనే టైల్ దగ్గరికి వెళ్తుంది కాబట్టి 2×4 అడుగుల టైల్స్‌కీ, గ్రానైట్‌కీ ఇదే దారి. దీనికి రెండు లోపాలున్నాయి. కోత నేరుగా రావడం చేతి మీద ఆధారపడుతుంది. చాలా మోడళ్లలో నీళ్ల గొట్టం ఉండదు. కొనేటప్పుడు నీళ్ల నాజిల్, చిన్న కుళాయి ఉన్నదే అడిగి తీసుకోండి.

టేబుల్ రకం. కింద నీళ్ల ట్రే, మధ్యలో పైకి పొడుచుకొచ్చిన 180 మి.మీ. బ్లేడు, పక్కన ఫెన్స్ (టైల్‌ని ఆనించి తోసే అడ్డపట్టీ). బ్లేడు తిరుగుతూ ట్రేలోని నీళ్లని తనే అందుకుంటుంది. మోటారు సాధారణంగా 500 నుంచి 800 వాట్ల మధ్య, వేగం నిమిషానికి దాదాపు 3,000. ధర మార్బుల్ కట్టర్‌కి రెట్టింపు దాకా, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువే ఉంటుంది. సొంతింటి పని తనే చేసుకోవాలనుకునేవాళ్లకి నేను చెప్పేది ఇదే. స్కర్టింగ్ పట్టీలు ఒకే వెడల్పులో రావాలంటే దీన్ని మించింది లేదు. 

రైలు లేదా బ్రిడ్జి రకం. టైల్ కదలదు, మోటారు పట్టాల మీద జరుగుతుంది. కోత అద్భుతంగా వస్తుంది గానీ తక్కువ బడ్జెట్ మాట మరిచిపోవాలి. పెద్ద కాంట్రాక్టులు చేసేవాళ్లకి వదిలేద్దాం.

యాంగిల్ గ్రైండర్ ఉంది కదా అని దాని మీద నీళ్లు పోసి కోసేవాళ్లున్నారు. అది నీళ్ల పనికి తయారైన మిషన్ కాదు. చెయ్యకండి.

3. వాట్లు చూసి మోసపోకండి

పేరులేని మిషన్ల పెట్టె మీద 1,600, 1,800 వాట్లు అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. లోపల ఆర్మేచర్ (మోటారులో తిరిగే భాగం) చిన్నదిగా, వైండింగ్ అల్యూమినియంతో ఉండొచ్చు. పెట్టె కన్నా మిషన్‌కి అంటించిన రేటింగ్ ప్లేటు నమ్మండి. అందులో చూడాల్సినవి:

మోటారుని ఎంతసేపు నడపొచ్చో చెప్పే ఎస్ గుర్తు ముందు చూడండి. ఎస్2 10 నిమిషాలు అని రాసుంటే, లోడు మీద పది నిమిషాలు నడిపాక మోటారుని చల్లారనివ్వాలని అర్థం. ఎస్6 40 శాతం అంటే, మోటారు ఆగకుండా తిరుగుతూనే ఉండొచ్చు గానీ ప్రతి పది నిమిషాల్లో నాలుగు నిమిషాలే కోత పని చేయాలి. ఎస్1 అంటే నిరంతరం నడపొచ్చు. చవక టేబుల్ కట్టర్లలో మొదటి రెండే ఎక్కువ. ఇంటి పనికి అది చాలు, కానీ ఆ విరామం ఇవ్వక మోటారు కాల్చుకునేవాళ్లు బోలెడుమంది. మధ్యమధ్య ఆపి కొలతలు వేసుకునేలా పని అమర్చుకోండి.

కోత లోతు కూడా చూడాలి. 110 మి.మీ. బ్లేడు నిటారుగా ముప్పై మి.మీ. పైచిలుకు దిగుతుంది, 45 డిగ్రీలకి వంచితే లోతు బాగా తగ్గుతుంది. ఇంటి టైల్ మందం 8 నుంచి 10 మి.మీ. కాబట్టి సమస్య లేదు. 18 మి.మీ. గ్రానైట్‌కి 45 డిగ్రీల కోత కావాలంటే ఆ అంకె చూసే కొనండి.

చిన్న చతురస్రం లోపల ఇంకో చతురస్రం గుర్తుంటే అది డబుల్ ఇన్సులేషన్ మిషన్, రెండు పిన్నుల ప్లగ్గే వస్తుంది. ఆ గుర్తు లేకపోతే మూడు పిన్నుల ప్లగ్గు, ఎర్తింగ్ తప్పనిసరి. ఏ రకమైనా ఆర్‌సీసీబీ ఉండాల్సిందే.

4. బ్లేడు: ఇక్కడే డబ్బు పెట్టండి

మిషన్‌తో పాటు ఉచితంగా ఇచ్చే బ్లేడుని అరిగిపోయిన ఇటుక ముక్కల మీద వాడుకోండి, టైల్ మీద వద్దు.

అంచు అంతా గాట్లు లేకుండా గుండ్రంగా ఉన్న కంటిన్యువస్ రిమ్ బ్లేడు టైల్‌కి. అంచు మీద సన్నటి అలల్లా గీతలున్న టర్బో బ్లేడు గ్రానైట్‌కీ, గట్టి విట్రిఫైడ్‌కీ. అంచులో పెద్ద గాట్లున్న సెగ్మెంటెడ్ బ్లేడు కాంక్రీటు, ఇటుక పనికి. ఈ మూడోది టైల్ మీద పెట్టారంటే మెరుగు అంతా రంపపు పళ్లలా లేచిపోతుంది. షాపువాళ్లు "అన్నింటికీ ఇదే" అని చేతిలో పెట్టేది చాలాసార్లు ఇదే.

మార్బుల్ కట్టర్‌కి మధ్య రంధ్రం మామూలుగా 20 మి.మీ. టేబుల్ రకాల్లో 22.2 లేదా 25.4 ఉంటుంది. తేడా ఉంటే బ్లేడుతో వచ్చే రింగు వేయాలి. గుడ్డ చుట్టి, రేకు ముక్క పెట్టి సర్దకండి. బ్లేడు మీద రాసిన గరిష్ఠ ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) మీ మిషన్ ఆర్‌పీఎం కన్నా ఎక్కువ ఉండి తీరాలి. 110 మి.మీ. బ్లేడు 12,000 ఆర్‌పీఎం మీద తిరిగితే దాని అంచు గంటకి దాదాపు 250 కిలోమీటర్ల వేగంతో పరుగెడుతోందన్న మాట. 180 మి.మీ. టేబుల్ బ్లేడు అంచు గంటకి 100 కిలోమీటర్ల దగ్గరే. టేబుల్ మిషన్ నెమ్మదిగా, తక్కువ చిమ్ముతూ కోయడానికి ఇదొక కారణం.

బ్లేడు మందం గురించి ఎవరూ చెప్పరు. 2×2 అడుగుల టైల్ 600 మి.మీ. దాన్ని ఆరు స్కర్టింగ్ పట్టీలు చేయాలంటే ఐదు కోతలు పడతాయి. 2 మి.మీ. బ్లేడు ఒక్కో కోతలో 2 మి.మీ. తినేస్తుంది, మొత్తం 10 మి.మీ. పోయింది. కాబట్టి ఫెన్స్‌ని 100 దగ్గర పెడితే ఆరో పట్టీ 90 మి.మీ.కే వస్తుంది. 98 దగ్గర పెడితే ఐదు పట్టీలు 98, ఆరోది 100 మి.మీ. వస్తాయి, ఆరూ దాదాపు సమానమే. విట్రిఫైడ్‌కి 1.2, 1.4 మి.మీ. సన్న బ్లేడులు దొరుకుతాయి. కోత నాజూకుగా వస్తుంది, మోటారు మీద భారం తగ్గుతుంది. ధర మామూలు బ్లేడుకి మూడు నాలుగు రెట్లు. ఇల్లంతా పనికి ఒకటి రెండు చాలు, వెనకాడకండి.

హెచ్చరిక: మార్బుల్ కట్టర్‌కి చెక్క కోసే పళ్ల బ్లేడు బిగించవద్దు. చాలామంది వడ్రంగి పనికి ఇలా వాడతారు. ఆ వేగంలో పళ్లు చెక్కలో పట్టుకుంటే మిషన్ ఎగిరి మీ మీదికే వస్తుంది. వేళ్లు, కాళ్లు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు.

5. షాపులో చూడాల్సినవి

సికింద్రాబాద్ రాణీగంజ్ లాంటి టూల్స్ బజారుకి వెళ్లగలిగితే మిషన్ చేత్తో పట్టుకుని చూసే వీలుంటుంది. ఆన్‌లైన్‌లో కొన్నా, వాపసు గడువు లోపల ఇంట్లో ఇవే పరీక్షలు చేయండి. ప్లగ్ తీసేసే చేయాలి, నడిపి చూడమన్నది తప్ప.

షాఫ్టుని రెండు వేళ్లతో పట్టుకుని పక్కలకి ఊపండి. టక్ టక్ మని ఆడితే బేరింగు మంచిది కాదు. బ్లేడుని చేత్తో మెల్లగా తిప్పుతూ పక్కన పెన్సిల్ మొన ఆనించీ ఆనించనట్టు పెట్టండి. ఒక చోట తగిలి ఇంకో చోట దూరం జరిగితే బ్లేడు గానీ, దాన్ని పట్టి బిగించే ఫ్లాంజి రింగు గానీ వంకర.

టేబుల్ రకంలో అన్నింటికన్నా ముఖ్యం ఫెన్స్. బిగించాక బ్లేడు ముందు అంచు నుంచి ఫెన్స్‌కీ, వెనక అంచు నుంచి ఫెన్స్‌కీ టేపు పెట్టి కొలవండి. రెండూ ఒకటే రావాలి. చవక మిషన్లలో ఒక వైపే బిగించే ఫెన్స్ ఉంటుంది, టైల్ నొక్కగానే జరుగుతుంది. రెండు వైపులా బిగించేదే తీసుకోండి. టేబుల్ మీద అల్యూమినియం పట్టీ నిలువుగా, అడ్డంగా, ఐమూలగా పెట్టి కింద వెలుతురు కనిపిస్తుందేమో చూడండి. సన్న రేకు టేబుళ్లు మధ్యలో గుంటపడి ఉంటాయి.

తర్వాత నడిపించండి. స్విచ్ వేసినప్పుడు గరగర ఉండకూడదు. వెంట్ రంధ్రాల్లోంచి కనిపించే నీలం రంగు నిప్పురవ్వలు కొద్దిగా ఉంటే అది బ్రష్ మోటారు (కార్బన్ ముక్కలు రాసుకుంటూ కరెంటు అందించే మోటారు) స్వభావమే, చుట్టూ రింగులా మెరిస్తే ఆర్మేచర్ అనుమానించాలి. మీరు తెచ్చుకున్న టైల్ ముక్క కోయమనండి. కోయనివ్వని షాపులో కొనకపోవడం మేలు.

ఇక మూడు ప్రశ్నలు అడగండి: కార్బన్ బ్రష్‌లు విడిగా దొరుకుతాయా? ఆర్మేచర్, స్విచ్ స్పేర్లు ఉన్నాయా? మా ఊరికి దగ్గర్లో సర్వీసు ఎక్కడ? బేరంలో రెండు జతల బ్రష్‌లు అడిగి తీసుకోండి. జీఎస్టీ బిల్లు, షాపు ముద్ర వేసిన వారంటీ కార్డు లేకుండా బయటికి రావద్దు.

6. మొదటి కోతకి ముందు కరెంటు, నీళ్లు

1,200 వాట్ల మిషన్ 230 వోల్టుల మీద ఐదు ఆంపియర్లకి పైనే లాగుతుంది, మొదలయ్యే క్షణంలో ఇంకా ఎక్కువ. సన్న వైరు ఎక్స్‌టెన్షన్ బాక్సు వేడెక్కి కరుగుతుంది. కనీసం 1.5 చదరపు మి.మీ. రాగి వైరు, మూడు పిన్నులది వాడండి. చుట్ట చుట్టినట్టే ఉంచకుండా పూర్తిగా విప్పండి. బాక్సుని నేల మీద కాకుండా మేకుకి వేలాడదీయండి. ప్లగ్ కన్నా వైరు కిందికి ఒక వంపు తిరిగేలా పెడితే వైరు వెంట జారే నీళ్లు ప్లగ్గులోకి వెళ్లకుండా ఆ వంపులోనే కారిపోతాయి. పని మొదలుపెట్టే ముందు ఆర్‌సీసీబీ మీద టెస్ట్ బటన్ నొక్కి ట్రిప్ అవుతుందో చూడండి.

సైట్ టెంపరరీ కనెక్షన్‌లో ఎర్తింగ్, ఆర్‌సీసీబీ రెండూ లేకపోతే ఆ రోజు నీళ్ల కోత పెట్టుకోకండి. ఎలక్ట్రీషియన్ వచ్చి పెట్టాకే మొదలుపెట్టండి. మూతకి చిల్లు పెట్టిన సీసాతో పక్కవాడు నీళ్లు పోస్తుంటే మేస్త్రీ కోయడం మన సైట్లలో మామూలే. నీళ్లు మోటారు వెంట్‌లోకి వెళ్తే షాక్ కొట్టేది మిషన్ పట్టుకున్నవాడికే. నాజిల్ బ్లేడు మీదికే తిరిగి ఉండాలి, ధార పెన్సిల్ లావుకి మించనక్కర్లేదు.

నీళ్లు బ్లేడు చల్లబరచడానికే కాదు. విట్రిఫైడ్ టైల్‌లో, గ్రానైట్‌లో సిలికా ఉంటుంది. పొడిగా కోస్తే ఆ పొడి ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ తెస్తుంది, దానికి వైద్యంతో నయమయ్యే దారి లేదు. నీళ్లతో కోసినా మాస్కు పెట్టుకోండి. చేతి రుమాలు మాస్కు కాదు.

7. కోసి చూడండి

1. బ్లేడు మీది బాణం గుర్తూ మిషన్ మీది బాణం గుర్తూ ఒకే వైపు ఉండాలి. బిగించాక ముప్పై సెకన్లు ఖాళీగా తిప్పండి.
2. గీత మీద మాస్కింగ్ టేపు అంటించి, టేపు మీద మళ్లీ గీత గీయండి.
3. టేబుల్ మిషన్ అయితే మెరుగు వైపు పైకి. రెండు చేతులతో సమానంగా తోయండి. మోటారు శబ్దం మందగిస్తే మీరు ఎక్కువ నొక్కుతున్నట్టు.
4. మార్బుల్ కట్టర్ అయితే అల్యూమినియం పట్టీని క్లాంపులతో బిగించి దాని వెంట నడపండి. మొదట 2 మి.మీ. లోతుకి ఒకసారి గీసి, తర్వాత పూర్తి లోతు కోయండి.
5. చివర అంగుళం మిగలగానే ఆగండి. అటు వైపు నుంచి ఆ అంగుళం కోసి కలపండి. మూల విరిగిపోయే బాధ చాలావరకు పోతుంది.
6. ఎల్ ఆకారం అయితే లోపలి మూలలో ముందు 6 మి.మీ. రంధ్రం వేయండి. రెండు కోతలూ అక్కడ ఆగాలి. నేరుగా రెండు గీతలు కలిపితే ఆ మూల నుంచే టైల్ పగులుతుంది, కొన్నిసార్లు అతికించిన వారానికి.

గ్లవ్స్ విషయంలో జాగ్రత్త. వదులు గుడ్డ గ్లవ్స్ బ్లేడుకి చిక్కుకుంటాయి. పట్టుగా ఉండే రబ్బరువి వేసుకోండి, లేదా వట్టి చేతులే మేలు. చున్నీ, లుంగీ, వదులు చేతుల చొక్కా అసలు వద్దు.

8. కోత సరిగ్గా వచ్చిందా?

టైల్‌ని అడ్డంగా కోసి, రెండు ముక్కల ఫ్యాక్టరీ అంచుల్ని పట్టీకి ఆనించి కోసిన అంచులు కలపండి. ఇప్పుడు ఒక ముక్కని బోర్లించి, దాని ఎదుటి ఫ్యాక్టరీ అంచు పట్టీకి తగిలేలా మళ్లీ కలపండి. కోత మూలమట్టంగా ఉంటే సందు రాదు. వంకర ఉంటే సందు రెట్టింపై కనిపిస్తుంది, నూలు తేడా కూడా దాగదు. టేబుల్ మిషన్‌లో సందు వస్తే ఫెన్స్ సర్దండి. సర్దినా మళ్లీ మళ్లీ వస్తే వాపసు ఇచ్చేయండి.

అంచు మీద గోరు పెట్టి లాగండి. సన్న గరుకు ఉంటే ఫర్వాలేదు, నీళ్లు చల్లి డైమండ్ ప్యాడుతో రుద్దితే పోతుంది. గోరు తట్టుకునేంత పెచ్చులుంటే బ్లేడు మార్చండి, లేదా మెల్లగా తోయండి. అంచు నల్లబడితే నీళ్లు చాలట్లేదు.

కొత్తలో బాగా కోసిన బ్లేడు కొన్నాళ్లకి జారిపోతూ, టైల్‌ని కోయకుండా వేడెక్కిస్తుంటే అది అరిగిపోయిందనుకుని పారేయకండి. గట్టి విట్రిఫైడ్ మీద బ్లేడు అంచులోని డైమండ్ గింజల చుట్టూ లోహం నున్నబడిపోతుంది. ఎర్ర ఇటుక గానీ పాత గ్రైండింగ్ రాయి గానీ తీసుకుని నీళ్లతో నాలుగైదు కోతలు పెట్టండి. కొత్త గింజలు బయటపడి మళ్లీ కోస్తుంది.

9. పని అయ్యాక

ట్రేలో అడుగున చేరిన బురదని బాత్రూమ్ కాలువలోకి పోయకండి, పైపులో పేరుకుని గట్టిపడుతుంది. రాత్రంతా తేరనిచ్చి పై నీళ్లు వంపేసి, బురదని బస్తాలోకి ఎత్తండి. కోసేటప్పుడు కూడా నీళ్లు చిక్కటి మజ్జిగ రంగుకి వస్తే మార్చాలి. ప్లగ్ తీసి, తడి గుడ్డతో తుడిచి, షాఫ్టుకీ ఫ్లాంజికీ నూనె చుక్క రాయండి. నెలకోసారి బ్రష్ మూతలు విప్పి చూసి, బ్రష్ పొడవు 5, 6 మి.మీ.కి వస్తే రెండూ కలిపి మార్చండి. ఒక్కటే మారిస్తే కమ్యుటేటర్ (ఆర్మేచర్ మీద బ్రష్‌లు ఆనే రాగి రింగు) పాడవ్వొచ్చు, ఆ రిపేరు ఖర్చు చవక మిషన్ ధరలో సగం దాకా అవుతుంది.